పాట కంటె ముందు కరెంటు

జర దగ్గరకు జరుగుండ్రి పిల్లలు, చలి ముదురుతున్నది. ఇందాక మీ బ్లూటూత్ డబ్బల పాట పెట్టుకొని అడిగిన్రు గద, "తాతా, మీ కాలంల ఇసొంటివి ఉండెనా?" అని. లేకుండె. ఉన్నోళ్ల ఇంట్ల రేడియోగ్రాం ఉండేది, దుబాయి పోయొచ్చినోళ్ల ఇంట్ల జపాన్ సెట్టు ఉండేది. మాలాంటోళ్లకు మంచి పాట ఇనాలని గట్టిగ అనిపిస్తె ఒక్కటే తొవ్వ. మన చేతులతోని మనం చేసుకునుడు.

నాకు ఆ పని నేర్పినాయన హనుమకొండ చౌరస్తా దిక్కు రేడియో దుకాణం నడిపేటోడు. పేరు పెట్టి పిలిచేటోళ్లు తక్కువ, అందరికి ఉస్తాదే. దుకాణం ముందల వాల్వు రేడియోలు వరుసగ ఉండేటివి. లోపట రాగితీగ చుట్టలు, ఇనుప రేకులు, వార్నిష్ వాసన. సాయంత్రమైతె ఆర్ఈసీ ఇంజనీరింగ్ కాలేజీ పిలగాండ్లు సైకిళ్లేసుకొని వచ్చి నిలవడేటోళ్లు. వాళ్ల దగ్గర పుస్తకం చదువు, ఉస్తాద్ దగ్గర చేతి చదువు. నేను ఆ రెండిటి నడుమ సోల్డరింగ్ ఐరన్ పట్టుకొని కూసునేటోన్ని.

సామాను కావాలంటె కాజీపేటల పొద్దుగాల బండెక్కి హైదరాబాదు పోవాలె. కోఠిల గుజరాతీ గల్లి. అప్పుడు గా గల్లిల దొరకని ముక్క లేదు. ఇనుప టోపీ లెక్కన ఉండే 2ఎన్ 3055 ట్రాన్సిస్టర్లు, బీసీ 148లు, ఎస్ఎల్ 100, ఎస్‌కే 100 జోడి, బీవై 127 డయోడ్లు. బెంగుళూరు బీఈఎల్ వాల్వులు అట్టడబ్బలల్ల వచ్చేటివి. పిలగాండ్లందరి చూపు ట్రాన్సిస్టర్ల మీదనే ఉండేది. ఉస్తాద్ నాకు రాసిచ్చిన చీటీల మాత్రం మొదలు ఉండేది ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏసే ఇనుప స్టాంపింగులు, ఎనామిల్ తీగ, పెద్ద కండెన్సర్లు. పైసలు మిగిలితెనే మిగతాయి తెమ్మనేటోడు.

ఎందుకో ఇనుండ్రి. గిదే నేను మీకు చెప్పాలనుకున్న అసలు ముచ్చట. రికార్డు మీద సూది దగ్గరికెల్లి వచ్చే కరెంటు మిల్లీవోల్టులల్ల ఉంటది. దానికి స్పీకర్ అట్టను కదిలించే బలం యాడిది? అది లోపటికొచ్చి ట్రాన్సిస్టర్‌కు హుకుం ఇస్తదంతె. స్పీకర్‌ల ఊగే బలమంత గోడ సాకెట్టు కెల్లి వచ్చిన కరెంటుదే. ఆ కరెంటునే పాట ఆకారంల మలిచి స్పీకర్‌కు పంపుతున్నం. కుమ్మరి చేతిల ఎంత పనితనమున్నా మట్టిల రాయి ఉంటె కుండకు తెల్వకుంట ఉండదు. ఇదీ అంతే.

మన గోడ కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 మార్లు అటు ఇటు తిరుగుతది. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 12 వోల్టులకు దించితె, నాలుగు డయోడ్ల బ్రిడ్జి దాన్ని ఒక్క దిక్కే తిప్పుతది. అప్పుడు సెకనుకు 100 గుట్టలు, 100 గుంతలు అయితయి. గా గుంతలు పూడ్చేదే కండెన్సర్. గుట్ట మీద 17 వోల్టుల దాక ఎక్కుతది, డయోడ్లు తినంగ పదిహేనున్నర మిగులుతది. సెట్టు ఒక ఆంపియర్ గుంజుతుంటె 1000 మైక్రోఫారడ్ కండెన్సర్ సరిపోదు, గుంతలు ఎన్నో వోల్టుల లోతు పోతయి. 4700 పెడితె సుమారు రెండు వోల్టులకు వస్తది, 10,000 పెడితె ఒక వోల్టు. గా మిగిలిన గుంతనే మన చెవికి "మ్‌మ్‌మ్" అని హమ్మింగు. మరి అంతకంత పెద్దది పెట్టుకుంట పోవచ్చు గద అంటరేమో. కండెన్సర్ పెద్దదైనకొద్ది అది ఒక్క గుక్కల తాగే కరెంటు పెరుగుతది. బీవై 127 అసొంటి చిన్న డయోడు దానికి ఆగదు. 3 ఆంపియర్ల 1ఎన్ 5408 ఏసి, ట్రాన్స్‌ఫార్మర్ కూడ దానికి తగ్గట్టు చుట్టాలె.

చుట్టుడంటె యాదికొచ్చింది. ఉస్తాద్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టుడు చూస్తుంటె పొద్దు తెల్వకపోయేది. లెక్క ఉంటది దానికి. ఇనుప గుండె అడ్డకోత ఎన్ని చదరపు అంగుళాలో దానితోని ఏడున్నరను భాగిస్తె, వోల్టుకు ఎన్ని చుట్లో వస్తది. చదరపు అంగుళంనర గుండెకు వోల్టుకు అయిదు చుట్లు, 230కి 1150. అందరు మెకానిక్‌లు అంతే చుట్టేటోళ్లు. ఉస్తాద్ వోల్టుకు ఆరు చుట్టేటోడు, 1380. తీగ ఎక్కువ పోతది, చెయ్యి ఎక్కువ నొస్తది, గిరాకికి ధర ఎక్కువ చెప్పాలె. అయినా ఆపకపోయేటోడు. రాత్రి మోటర్లన్ని బందైనంక వోల్టేజి పైకి లేస్తది గద, అప్పుడు తక్కువ చుట్ల ట్రాన్స్‌ఫార్మర్ల ఇనుము నిండిపోయి అయస్కాంతం బయటకు పొంగుతది. పక్కన ఉన్న ఇన్‌పుట్ తీగ దాన్ని పట్టుకుంటది, పాటల గుర్రుమంటది. ఎక్కువ చుట్లుంటె ఇనుము సల్లగ, నిమ్మలంగ ఉంటది.

ఇంకోటి చేసేటోడు. ప్రైమరీ చుట్టుడు అయినంక దాని మీద పలుచటి రాగిరేకు ఒక్క చుట్టు ఏసి, రెండు కొసలు ఒకదానికొకటి తగలకుంట నడుమ కాయితం పెట్టి, రేకుకు ఒక తీగ అతికి ఎర్తుకు కలిపేటోడు. కొసలు కలిసినయంటె అది ఒక షార్టు చుట్టు అయి కాలిపోతది. ఆ రేకు ఉంటె లైన్ల మీద పక్కింటి గ్రైండర్, మిల్లు మోటర్ ఏసే కరకరలు సెకండరీ దిక్కు దాటకుంట చాన మట్టుకు ఎర్తుకే దిగిపోతయి. సెట్టు మూత ఇప్పినా ఆ రేకు కనవడదు. కనవడని పనికి అంత కష్టపడ్డ మనిషిని నేను మల్ల చూడలే.

రిటైరైన ఒక పంతులు సారు ఉండె. కర్ణాటక సంగీతం అంటె ప్రాణం. ఎవరితోనో చేయించుకున్న సెట్టు రిక్షాల ఏసుకొచ్చిండు. "పాట మంచిగనే ఉంటది, ఎన్కల తంబూరల ఏదో ఊగుతున్నదయ్యా" అన్నడు. మాకు మొదలు సమజ్ కాలే. ఉస్తాద్ రికార్డు పెట్టి కండ్లు మూసుకొని ఇన్నడు. గా పాటగాడు ఒకటో శ్రుతిల పాడుతున్నడు. ఆ శ్రుతికి తంబూరల మంద్ర పంచమం తీగ సెకనుకు 98 సైకిళ్ల దగ్గర మోగుతది. కరెంటు హమ్మింగు 100. రెండు సైకిళ్ల తేడాతోని రెండు స్వరాలు ఒక్కసారి మోగితె సెకనుకు రెండుమార్లు అల లేస్తది. సారు చెవికి తగిలింది గా అలనే. వేరేటోళ్లకైతె హమ్మింగు అనే తెల్వకపోవు, అంత సన్నగ ఉండె. అప్పటికెల్లి నేను ఒకటి నమ్మిన. హమ్మింగు ఎంత తక్కువుంటె ఏం, అది పాటల శ్రుతిని తాకుతున్నదా అన్నదే చూడాలె.

ఉస్తాద్ వాల్యూం గుండీ పూర్తిగ తగ్గించిండు. హమ్మింగు తగ్గలే. గుండీతోని తగ్గితె దోషం ముందల, ఇన్‌పుట్ దిక్కు. తగ్గకపోతె సప్లై దిక్కో, గ్రౌండు దిక్కో. ఎండిపోయిన కండెన్సర్ మార్చినం, సగం పోయింది. మిగిలిన సగం యాడున్నదంటె ఒక్క నల్ల తీగల. వాల్యూం గుండీ గ్రౌండు తీగను సెట్టు చేసిన మెకానిక్ చేతికందిన చోట అతికిండు, బ్రిడ్జికి కండెన్సర్‌కు నడుమ. సెట్టు గుంజేది ఒక ఆంపియరైనా, కండెన్సర్ గుట్ట కొనల మీదనే తాగుతది కాబట్టి గుక్కకు ఎన్నో ఆంపియర్లు తాగుతది. ఏ తీగకైనా కొద్దో గొప్పో అడ్డు ఉంటది. గంత కరెంటు ఒక్కసారి పారితె ఆ తీగ మీద మిల్లీవోల్టులు నిలుస్తయి. ఆ మిల్లీవోల్టులనే ఆంప్లిఫయర్ పాట అనుకొని పెద్దగ చేస్తది. ఉస్తాద్ ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి, కండెన్సర్ల నడుమ తీగలు లావుగ, పొట్టిగ ఏసిండు. కండెన్సర్ అవతల చాసిస్‌కు ఒక బోల్టు పెట్టి ఇన్‌పుట్ గ్రౌండు, స్పీకర్ గ్రౌండు, అన్ని విడివిడిగ గా ఒక్క బోల్టుకే తెచ్చిండు. తీగలు, బోల్టు పోను కొత్త సామాను ఒక్క కండెన్సరే. సారు ఇని ఏం మాట్లాడలే, రికార్డు మల్ల మొదటికెల్లి పెట్టమన్నడు.

ఇంగ్లండు కెల్లి వచ్చే వైర్‌లెస్ వరల్డ్ అని ఒక పత్రిక ఉండేది. 1947ల విలియమ్సన్ గీసిన వాల్వు ఆంప్లిఫయర్ దాంట్లనే వచ్చింది. 1969 ఏప్రిల్‌ల జాన్ లిన్స్‌లీ హుడ్ అనేటాయన నాలుగే ట్రాన్సిస్టర్లతోని 10 వాట్ల క్లాస్ ఏ సెట్టు బొమ్మ అండ్లనే ఇచ్చిండు. ఒక ఆర్ఈసీ పిలగాడు ఆ బొమ్మను కాయితం మీద గీసుకొచ్చిండు. క్లాస్ ఏ అంటె పాట ఉన్నా లేకున్నా అంతే కరెంటు తాగుతది, 27 వోల్టుల మీద 1.2 ఆంపియర్లు. ఒక్కో చానల్‌కు 32 వాట్ల ఉడుకు. హీట్‌సింకు మీద చెయ్యి నిలవకపోయేది. సప్లైల మురికి ఉంటె దాస్తందుకు ఆ సర్క్యూట్ల జాగ లేదు. ఉస్తాద్ ఏం చేసిండంటె, సప్లై తొవ్వల ఒక 2ఎన్ 3055 పెట్టి, దాని బేసుకు ఒక రెసిస్టర్, ఒక 1000 మైక్రోఫారడ్ కండెన్సర్ ఏసిండు. ట్రాన్సిస్టర్ గెయిన్ ఎంతుంటె ఆ కండెన్సర్ అన్ని రెట్లు పెద్దదైనట్టు పనిచేస్తది. రెండు మూడు వోల్టులు పోతయి, హమ్మింగు కూడ పోతది. ఆ సెట్టుల పాడేటోళ్లు ఊపిరి తీసుకునుడు ఇనవడింది. ఇప్పటికి గూడ నేను ఇన్న సెట్లల్ల అదే అన్నిటికన్న మేలని చెప్త.

కరెంటు పోయిన రోజు మాకు పండుగ. మీకు నవ్వు రావచ్చు గని నిజం. టీబీఏ 810 ఐసీతోని చేసిన చిన్న సెట్టు 12 వోల్టులకే పనిచేస్తది, కార్లల్ల పెట్టేటందుకు చేసిన ఐసీ అది. ట్రాక్టర్ బ్యాటరీ తెచ్చి తగిలిచ్చేటోళ్లం. బ్యాటరీల గుట్టలు లేవు, గుంతలు లేవు. పాటకు పాటకు నడుమ స్పీకర్ దగ్గర చెవి పెట్టినా ఏం ఇనవడకపోయేది. ఉస్తాద్ దాన్నే పరీక్షకు వాడేటోడు. బ్యాటరీ మీద హమ్మింగు పోతె దోషం సప్లైదో, సప్లైకి గ్రౌండు అతికిన తీరుదో, బ్యాటరీ మీద గూడ ఉంటె బయటికెల్లి హమ్మింగు పట్టుకునే తీగలది. మీరు ఇప్పుడు చేసుకునే చిన్న బోర్డులకు గూడ ఇంతకు మించిన పరీక్ష లేదు.

కరెంటు మురికి సెట్టు బయటికెల్లి గూడ వస్తది. ఎనుకట బరువు పెట్టెల ఫ్యాను రెగ్యులేటర్లు ఉండేటివి. అవి పోయి గుండ్రంగ తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు వచ్చినంక రేడియోల కొత్త గరగర మొదలైంది. ఆ రెగ్యులేటర్ కరెంటు అలను నడుమల కోస్తది, ఆ కోసిన అంచు నుంచి లేచే గరగర మీడియం వేవ్‌ల ఇనవడతది. హైదరాబాద్ 738, విజయవాడ 837 పెట్టుకొని ఇనేటోళ్లకు ఆ బాధ తెలుసు. డయోడ్ల మీద 0.01 మైక్రోఫారడ్ చిన్న కండెన్సర్లు ఏస్తె సెట్టు లోపటి డయోడ్లు తెచ్చే బుర్రుమనుడు తగ్గుతది, బయటికెల్లి వచ్చే రెగ్యులేటర్ గరగరకు మందు రెగ్యులేటర్ మార్చుడే. తర్వాత చతురస్రపు అల ఇచ్చే ఇన్వర్టర్లు వచ్చినయి, ఫ్యానుతోని పాటు ట్రాన్స్‌ఫార్మర్లు గూడ మూలుగుడు పెట్టినయి. పాట ఇనే ఇంటికి సైన్ వేవ్ ఇన్వర్టరే తెచ్చుకోవాలె.

ఇప్పుడు వేలకు వేలు పెట్టి లావాటి పవర్ తీగలు కొంటున్నరని ఇంటున్న. నా మాట అడిగితె ఆ పైసలు ముందు మంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు, కండెన్సర్లకు, ఇంటి ఎర్తింగుకు పెట్టాలె. లోపట గ్రౌండు తప్పుంటె బయట ఏ తీగ ఏసినా హమ్మింగు పోదు.

ఎర్తింగు అంటె చాన మంది మర్చిపోతరు. ఇల్లు కట్టినప్పుడు గుంత తీసి జీఐ పైపు దింపి బొగ్గు, ఉప్పు పొరలు ఏస్తరు. తర్వాత దాని మొఖం చూసేటోడు ఉండడు. ఎండకాలం ఆ మట్టి ఎండితె ఎర్తింగు మంచిగ పనిచెయ్యదు, సెట్టు పెట్టె మీద చెయ్యి పెడితె జుమ్మంటది, పాటల గూడ అది కలుస్తది. నెలకు రెండు బిందెల నీళ్లు పొయ్యుండ్రి.

ఒక్క మాట మాత్రం గట్టిగ చెప్తున్న, మీరు సెట్టు చేసుకోవాలనుకుంటె యాది పెట్టుకోండ్రి. హమ్మింగు పోతదని మూడో పిన్ను తీగ తెంపుమని చెప్పేటోళ్లు ఉంటరు. నిజంగనే ఒక్కోసారి పోతది గూడ. కని ట్రాన్స్‌ఫార్మర్ లోపట ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజు పెట్టె మొత్తం 230 వోల్టులు ఎక్కుతది, ముట్టినోడు బతకడు. ఎర్తు తీగ ఎన్నడు తెంపకుండ్రి. కొత్త సెట్టు మొదటిసారి పెట్టేటప్పుడు 60 వాట్ల పాత తీగ బల్బు సీరీస్‌ల పెట్టి స్విచ్చు ఎయ్యుండ్రి, లోపట షార్టుంటె బల్బు వెలిగి సెట్టును కాపాడతది. స్విచ్చు బందు చేసినంక గూడ పెద్ద కండెన్సర్ల కరెంటు ఉంటది. వాల్వు సెట్లయితె అండ్ల 250, 300 వోల్టులు నిలిచి ఉంటయి. ప్లగ్గు పీకి, రెసిస్టర్ పెట్టి ఖాళీ చేసి, మీటర్‌తోని చూసినంకనే లోపట చెయ్యి పెట్టుండ్రి.