తీరప్రాంతాల్లో ఇంటి ఏసీ నిర్వహణ

సముద్రతీరంలోని ఇళ్లలో ఎయిర్ కండిషనర్ గదిని చల్లబరచడంతో పాటు గాలిలోని తేమను కూడా తీసేస్తుంది. ఆ తేమ నీరై లోపలి యూనిట్‌లో చేరుతుంది. బయటి యూనిట్ మీద ఉప్పుగాలి పనిచేస్తుంది. తీరంలో ఏసీలకు వచ్చే ఇబ్బందులు చాలావరకు ఈ నీటి దగ్గరో, ఈ ఉప్పు దగ్గరో మొదలవుతాయి. అందుకే ఇక్కడి నిర్వహణకు రెండు సూత్రాలు ప్రధానం. లోపల చేరిన నీరు నిలవకుండా బయటికి పోవాలి, బయట పేరుకున్న ఉప్పును ఎప్పటికప్పుడు కడగాలి. ఇచ్ఛాపురం నుంచి తడ వరకు దాదాపు వెయ్యి కిలోమీటర్ల ఆంధ్ర తీరంలో ఉన్న ఇళ్లన్నిటికీ ఇవి వర్తిస్తాయి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో సముద్రానికి దగ్గరగా ఉన్న వాడలకు మరీ ముఖ్యం.

తీరగాలిలో తేమ

తేమను శాతాల్లో చెప్పడం వాడుక. ఏసీ మీద పడే భారం తెలియాలంటే మాత్రం ఘనపు మీటరు గాలిలో ఎన్ని గ్రాముల నీటి ఆవిరి ఉందో చూడాలి. 32 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, 70 శాతం తేమ ఉన్న తీరగాలిలో ఘనపు మీటరుకు సుమారు 24 గ్రాముల నీరు ఉంటుంది. 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న లోతట్టు వేసవి గాలిలో ఉండేది సుమారు 10 గ్రాములే. హైదరాబాద్ మే నెల మధ్యాహ్నం కన్నా విశాఖ ఉక్కపోతలో ఏసీకి వేరే రకమైన చాకిరీ ఉంటుందనడానికి ఈ తేడాయే ఆధారం.

గదిలో 24 డిగ్రీలు, 50 శాతం తేమ ఉంటే హాయిగా ఉంటుంది. అప్పుడు ఘనపు మీటరు గాలిలో మిగిలే నీరు దాదాపు 11 గ్రాములు. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలోకి పైన చెప్పిన తీరగాలి ఒకసారి నిండితే, దాన్ని ఈ స్థితికి తేవడానికి ఏసీ సుమారు అర లీటరు నీటిని బయటికి తీయాలి. తలుపు తీసిన ప్రతిసారీ, కిటికీ సందుల్లోంచి గాలి చొరబడిన కొద్దీ ఈ పని మళ్లీ మొదలవుతుంది.

ఆధునిక ఏసీ పుట్టుకకు కారణం కూడా తేమే. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయంలో తేమకు కాగితం సాగి, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగా పడేవి కావు. ఆ చిక్కు తీర్చడానికే విల్లిస్ క్యారియర్ తన యంత్రాన్ని రూపొందించాడు.

ఏసీ తేమను తీసే తీరు

ఇండోర్ యూనిట్‌లోని కాయిల్ సుమారు 10 డిగ్రీల చల్లదనంతో ఉంటుంది. పైన చెప్పిన తీరగాలి 26 డిగ్రీల దగ్గరే ఆవిరిని వదలడం మొదలుపెడుతుంది. అందువల్ల చల్లటి నీళ్ల చెంబుకు చెమ్మ పట్టినట్టే కాయిల్ మీద నీరు పట్టి, కింది ట్రేలోకి జారి, డ్రైన్ పైపు గుండా బయటికి పోతుంది. ఒక లీటరు ఆవిరిని నీరుగా మార్చాలంటే సుమారు 0.68 కిలోవాట్ గంటల వేడిని తీసెయ్యాలి. టన్ను ఏసీ సామర్థ్యం 3.5 కిలోవాట్లు. అది గంటకు ఒక లీటరు నీటిని తీస్తుంటే సామర్థ్యంలో దాదాపు ఐదో వంతు ఆ పనికే ఖర్చవుతున్నట్టు లెక్క.

గదికి అవసరమైనదానికన్నా పెద్ద ఏసీ పెడితే ఎక్కువ చల్లదనం, ఎక్కువ సుఖం అనుకోవడం పొరపాటు. పెద్ద ఏసీ గదిని చప్పున చల్లబరచి కంప్రెసర్‌ను ఆపేస్తుంది. తేమ తీయడానికి తగినంత సేపు నడవదు. ఫలితంగా గది చల్లగానే ఉన్నా ఒళ్లు జిడ్డుగా, పక్కబట్టలు చెమ్మగా అనిపిస్తాయి. వేగం తగ్గించుకుని ఆగకుండా నడిచే ఇన్వర్టర్ రకం తీరప్రాంతానికి బాగా నప్పుతుంది.

ఉప్పు చేసే హాని

అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపర గాలిలో ఎగిరి వచ్చి లోహాల మీద పొరలా పడుతుంది. సముద్రపు ఉప్పులో సోడియం క్లోరైడ్‌తో పాటు మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. మొదటిది గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు పీల్చుకుని కరిగిపోతుంది. రెండోదానికి 33 శాతం చాలు. కాబట్టి పైకి పొడిగా కనిపించినా తీరంలో ఉప్పుపొర ఎప్పుడూ ఎంతో కొంత తడిగానే ఉంటుంది. ఆ తడిలోనే లోహం తినుకుపోతుంది.

బయటి యూనిట్ కాయిల్‌లో సాధారణంగా రాగి గొట్టాల చుట్టూ పల్చటి అల్యూమినియం రేకులు ఉంటాయి. వీటిని ఫిన్స్ అంటారు. వేర్వేరు లోహాలు రెండు ఉప్పుతడిలో ఆనుకుని ఉంటే బలహీనమైన లోహం త్వరగా క్షీణిస్తుంది. ఇక్కడ బలహీనమైనది అల్యూమినియం. ఫిన్స్ మీద తెల్లటి పొడి కనిపించడం దీని తొలి గుర్తు. తర్వాత రాగికీ రేకుకూ మధ్య పట్టు సడలి, వేడి బయటికి పోవడం తగ్గుతుంది. కంప్రెసర్ ఎక్కువ సేపు నడుస్తుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. రాగి కీళ్ల దగ్గర పచ్చటి చిలుము, ఇనుప స్టాండుకు, బోల్టులకు తుప్పు పడతాయి. గాలిలో లోహాన్ని తినే గుణం ఎంతుందో చెప్పే ఐఎస్ఓ 9223 ప్రమాణంలో సముద్రపు ఒడ్డు ప్రాంతాలు పై తరగతుల్లోకి వస్తాయి.

సన్‌షేడ్ కిందో, బాల్కనీ లోపలో ఉన్న యూనిట్ భద్రంగా ఉంటుందని అనుకుంటాం. ఎండ విషయంలో అది నిజం. కానీ ఆరుబయట ఉన్నదాని మీది ఉప్పును వాన కడిగేస్తుంది, కప్పు కింద ఉన్నదానికి ఆ అవకాశం లేదు. కాబట్టి నీడపట్టున ఉన్న యూనిట్‌ను మనమే మరింత తరచుగా కడగాలి.

ఎంపిక, బిగింపు

తీరంలో ఉండేవారు కొనేముందు స్టార్ రేటింగ్‌తో పాటు కాయిల్ గురించి కూడా అడిగి తెలుసుకోవాలి. రాగి గొట్టాలు అతుకు వేయడానికి, మరమ్మతుకు అనువైనవి. ఫిన్స్ మీద తుప్పును అడ్డుకునే పూత ఉండటం అవసరం. నీలిరంగు, బంగారు రంగు ఫిన్స్‌గా అమ్మేవి పూత ఉన్నవే. అయితే రంగును బట్టి నాణ్యత తెలియదు. పూత ఏ పదార్థంతో వేశారో, ఉప్పుగాలికి వారంటీ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. సర్క్యూట్ బోర్డుకు తేమను ఆపే పూత ఉంటే మరీ మంచిది.

బయటి యూనిట్‌ను వీలైనంతవరకు సముద్రం వైపు కాకుండా ఇంటికి అవతలి వైపు బిగించాలి. గోడకూ యూనిట్‌కూ మధ్య కంపెనీ చెప్పినంత ఖాళీ వదలాలి. స్టాండు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ, మందంగా జింకు పూత వేసినవి గానీ అయి ఉండాలి. మామూలు ఇనుప స్టాండుకు రంగు వేసినంత మాత్రాన సరిపోదు. డ్రిల్లు వేసిన చోట, వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు లోపలి నుంచే మొదలవుతుంది.

శుభ్రపరిచే పద్ధతులు

ఫిల్టర్లు: వాడకం ఉన్న రోజుల్లో రెండు వారాలకోసారి తీసి నీటితో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి పెట్టాలి. పోర్టుకు దగ్గరి వాడల్లో బొగ్గు, ఖనిజాల ధూళి పడుతుంది కాబట్టి వారానికోసారి చూడటం మేలు. ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గుతుంది, కాయిల్ మీద మంచు కడుతుంది.

ఇండోర్ కాయిల్, బ్లోయర్: ఎప్పుడూ తడిగా ఉండే కాయిల్‌కు దుమ్ము తోడైతే బూజు పడుతుంది. ఏసీ వేయగానే ముక్కిన వాసన వస్తోందంటే అదే కారణం. ఉబ్బసం, అలర్జీ ఉన్నవారికి ఈ బూజు హాని చేస్తుంది. ఏడాదికి కనీసం రెండుసార్లు మెకానిక్‌తో వాటర్ సర్వీస్ చేయించాలి. బోర్డు మీద నీరు పడకుండా ప్లాస్టిక్ కప్పారో లేదో, బ్లోయర్ రెక్కల లోపలి వైపు కూడా కడిగారో లేదో దగ్గరుండి చూసుకోవాలి.

డ్రైన్ పైపు: ట్రేలో, పైపులో జిగురులాంటి నాచు పెరుగుతుంది. బల్లులు, పురుగులు పైపు చివర దూరి అడ్డుపడతాయి. అప్పుడు నీరు గోడ మీద కారుతుంది. పైపు మొదలు నుంచి చివరి దాకా కిందికి వాలుగా ఉండాలి, మధ్యలో ఎక్కడా వేలాడకూడదు, చివర బకెట్ నీళ్లలో మునగకూడదు. ఫిల్టర్ తీసినప్పుడు ట్రేలో ఒక మగ్గు నీళ్లు మెల్లగా పోసి, అవతల ధారగా వస్తున్నాయో లేదో చూడాలి. చుక్కచుక్కగా వస్తే పైపు పూడుతున్నట్టే. బయటి కొసకు సన్నటి జాలీ కట్టి, నెలకోసారి దాన్ని కడిగితే పురుగుల బెడద తప్పుతుంది. ఏసీ నీటిని మొక్కలకు, నేల తుడవడానికి వాడుకోవచ్చు. తాగడానికి పనికిరాదు.

ఔట్‌డోర్ యూనిట్: ఒడ్డుకు దగ్గరి ఇళ్లలో నెలకోసారి, కాస్త లోపలికి ఉంటే రెండు మూడు నెలలకోసారి కడగాలి. ముందుగా ఏసీకి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్ ఆపాలి. రిమోట్‌తో ఆపడం చాలదు. తర్వాత మామూలు గొట్టంతో తక్కువ ఒత్తిడితో పైనుంచి కిందికి, ఫిన్స్ నిలువు గీతల వెంటే నీళ్లు పట్టాలి. కారు కడిగే ప్రెషర్ పంపు రేకులను వంచేస్తుంది. వైర్లున్న పెట్టె మీదికి నీళ్లు పోకూడదు. నీరు పూర్తిగా జారి ఆరాకే స్విచ్ వేయాలి. యాసిడ్‌తో, ఘాటైన రసాయనాలతో కడిగితే పూత పోతుంది. తీర గ్రామాల్లో ఎన్నో బోర్లలో ఉప్పునీరు పడుతుంది. ఆ నీటితో కడగడమంటే ఉప్పు మీద ఉప్పు చల్లడమే. మునిసిపల్ నీరు గానీ, వాననీరు గానీ వాడాలి. పై అంతస్తుల్లో గోడకు వేలాడే యూనిట్‌ను ఇంటివారు కిటికీలోంచి వంగి కడగకూడదు. తగిన తాళ్లు, బెల్టులు ఉన్న మెకానిక్‌కే ఆ పని వదిలేయాలి.

గ్యాస్ గురించి

ఏసీలోని గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. తీరంలో ఈ లీకులు ఎక్కువగా కాయిల్ వంపుల దగ్గర, ఔట్‌డోర్ యూనిట్ పక్కనుండే ఇత్తడి నట్ల దగ్గర వస్తాయి. పచ్చటి చిలుము, దాని చుట్టూ నూనె మరక కనిపిస్తే అనుమానించాలి. సబ్బునీళ్లు రాస్తే బుడగలు లేస్తాయి. లీకు మూయకుండా ఏటా గ్యాస్ నింపించుకోవడం డబ్బు గాలిలో కలపడమే. సరైన పద్ధతిలో ముందు నైట్రోజన్‌తో ఒత్తిడి పరీక్ష చేసి, లీకు మూసి, వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలిని, చెమ్మను లాగేసి, ఆ తర్వాత నేమ్‌ప్లేట్ మీద ఉన్నంత బరువు తూచి గ్యాస్ నింపాలి. ఏసీల్లో వాడే గ్యాస్‌లలో ఆర్-32కు కొద్దిగా, ఆర్-290కి బాగా మండే గుణం ఉంది. వీటి పని శిక్షణ పొందినవారే చేయాలి.

వాడకం

2020 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే గది ఏసీలకు మొదట అమర్చిన ఉష్ణోగ్రత 24 డిగ్రీలు ఉండాలన్నది బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నియమం. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని దాని అంచనా. తేమ తగ్గితే 26 డిగ్రీల్లో కూడా సీలింగ్ ఫ్యాన్‌తో హాయిగా నిద్ర పడుతుంది. ముసురు పట్టి వేడి తక్కువగా, చెమ్మ ఎక్కువగా ఉన్న రోజుల్లో డ్రై మోడ్ వాడాలి. ఏసీ ఆపే ముందు కొంతసేపు ఫ్యాన్ మోడ్‌లో ఉంచితే కాయిల్ ఆరి బూజు తగ్గుతుంది. అప్పుడు కొంత తేమ గదిలోకి తిరిగి వస్తుంది కాబట్టి గదిలోంచి బయటికి వెళ్లేటప్పుడు ఈ పని చేయడం మంచిది.

విద్యుత్తు, తుపాన్లు

తడి, లోహం, కరెంటు ఒకచోట ఉన్నప్పుడు ఎర్తింగ్ ప్రాణరక్షణ. ఉప్పునేలలో ఎర్త్ కడ్డీ కూడా తినుకుపోతుంది. దాన్ని ఎలక్ట్రీషియన్‌తో ఏటా పరీక్ష చేయించాలి. కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఇంట్లో ఉండాలి. కరెంటు పోయి వచ్చాక మూడు నిమిషాలు ఆగి ఏసీ వేయడం కంప్రెసర్‌కు మంచిది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. అలాంటి గాలులకు తుప్పు పట్టిన స్టాండు తట్టుకోలేదు. పై అంతస్తు నుంచి యూనిట్ పడితే కింద ఉన్నవారి ప్రాణాలకే ముప్పు. ఏటా అక్టోబరుకు ముందే బోల్టులను బిగించి, తుప్పు తినేసిన వాటిని మార్చాలి. హెచ్చరిక రాగానే ఎంసీబీ ఆపాలి. తుపాను వెలిశాక ఉప్పు కడిగి, వైర్ల పెట్టెను మెకానిక్‌తో చూపించాకే నడపాలి. వరద నీటిలో మునిగిన యూనిట్‌కు పరీక్ష కాకుండా కరెంటు ఇవ్వకూడదు.

ఏడాది పొడవునా పనులు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో పూర్తి సర్వీసింగ్ చేయించాలి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఫిల్టర్లు, డ్రైన్ మీద కన్నేసి ఉంచాలి. వానాకాలంలో బూజు, గొట్టాల మీది నల్లటి ఇన్సులేషన్ చూడాలి. అది చిరిగిన చోట చెమ్మ పట్టి గోడ నానుతుంది. నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి కాబట్టి ఈ పని అప్పటిదాకా సాగాలి. చలికాలంలో ఏసీ వాడకపోయినా ఉప్పు మాత్రం పేరుకుంటూనే ఉంటుంది. ఆ నెలల్లోనూ బయటి యూనిట్‌ను కడగాలి, నెలకోసారి కొంతసేపు నడపాలి.

ఆయుష్షు తీరాక

కాయిల్‌కు చాలాచోట్ల చిల్లులు పడితే అతుకులు వేయడం కన్నా మార్చడమే మేలు. పాత యూనిట్‌ను పాత సామాన్లవాళ్లకు ఇస్తే వాళ్లు గొట్టం కోసి గ్యాస్‌ను గాలిలోకి వదిలేస్తారు. ఒక కిలో ఆర్-32 గాలిలో కలిస్తే, నూరేళ్ల లెక్కన, సుమారు 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. ఆర్-410ఏ అనే గ్యాస్ అయితే 2,000 కిలోలకు పైమాటే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల పరిధిలోకి ఏసీలు కూడా వస్తాయి. పాత ఏసీని గ్యాస్ సహా అధీకృత రీసైక్లర్‌కు అప్పగించడం ప్రతి ఇంటివారి బాధ్యత.