పక్కింటావిడే హామీ

2010 అక్టోబర్, బతుకమ్మ రోజులు. వరంగల్ జిల్లాలో ఒక ఊరు. పొద్దున్నే ఓ ఇంటి అరుగు మీద ఆడవాళ్లు ఐదుగురు చొప్పున వరసలు కట్టి కూర్చున్నారు. ఎదురుగా బండి మీద వచ్చిన కుర్రాడు, ఒళ్లో సంచీ, చేతిలో వసూళ్ల కాగితం. లెక్కలో ఒకామె కిస్తీ తగ్గింది.

"సారూ, గామె రేపిస్తనన్నది."

"రేపు ముచ్చట లేదక్కా. లెక్క పూర్తిగాకుంటే ఎవ్వరూ లేవద్దు. మీరంతా కలిసి కట్టుండ్రి, లేకుంటే పోయి తోలుకరండ్రి."

అందరూ లేచి ఆమె ఇంటికి పోయారు. వాకిట్లో కూర్చున్నారు. గొంతెత్తింది సారు కాదు, ముందురోజు సాయంత్రం ఆమెతో చప్పట్లు కలిపి బతుకమ్మ ఆడినవాళ్లే. ఆమె తలుపు తియ్యలేదు. మధ్యాహ్నానికి తాళిబొట్టుకున్న గుండ్లు రెండు తీసి షావుకారు దగ్గర పెట్టింది. కిస్తీ కట్టింది. ఆ రాత్రి బతుకమ్మకు పోలేదు.

ఆ ఊరికీ ఆమెకూ పేరు లేదు. ఆ ఏడాది పత్రికల్లో పదేపదే వచ్చిన సంగతులను ఒకచోట చేర్చి కట్టిన దృశ్యమిది. ఇకమీదట వచ్చే పేర్లూ తేదీలూ మాత్రం రికార్డుల్లో ఉన్నవే.

అమెరికాలో, వర్జీనియాలోని షాంటిలీలో కూర్చుని ఈ కథ చెప్పడానికి కారణం ఉంది. ఆ అరుగు దాకా వచ్చిన అప్పులకు రెండు దారులుంటే, రెండింటికీ ఒక కొస అమెరికాలో ఉంది.

మొదటి దారి విక్రమ్ ఆకులది. హైదరాబాద్‌లో పుట్టి, న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీలో పెరిగిన వాడు. చదువయ్యాక మెదక్ జిల్లాకు వచ్చి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థలో పనిచేశాడు. ఒకరోజు పక్క ఊరి నుంచి ఒకామె వచ్చి, ఆ సొసైటీ నడిపే చిన్న అప్పుల పథకం తమ ఊరికీ తెమ్మని అడిగింది. నిధులు అయిపోయాయని చెప్పి పంపాల్సి వచ్చింది. తనను వదలకుండా వెంటాడిన సంఘటనగా ఆకుల దీన్ని తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. దానం మీద నడిచే పని ఎక్కడో ఒకచోట ఆగుతుంది, లాభం మీద నడిస్తే ఆగదు అని ఆయనకు తోచింది. బంధుమిత్రుల దగ్గర విరాళాలు పోగేసి 1997లో స్వయం కృషి సంఘం (ఎస్.కె.ఎస్.) పెట్టాడు. మరుసటి ఏడాది నారాయణఖేడ్ ప్రాంతంలో మొదటి అప్పులిచ్చాడు. నమూనా బంగ్లాదేశ్‌లో మహమ్మద్ యూనస్ నడిపిన గ్రామీణ బ్యాంకుది: తాకట్టు లేదు, ఐదుగురు ఒక జట్టు, వారం వారం కిస్తీ.

రెండో దారి మాకు ఇంకా దగ్గర. షాంటిలీ నుంచి ఇంటర్‌స్టేట్ 66 ఎక్కి, రద్దీ లేకపోతే ఓ గంటలోపు వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకు ముందు దిగవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2000లో మొదలైన పేదరిక నిర్మూలన పథకం 'వెలుగు'కు అప్పిచ్చింది ఆ బ్యాంకే. దాన్ని నడిపింది రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన సెర్ప్ అనే సంస్థ. డ్వాక్రా మహిళా పొదుపు సంఘాలు అప్పటికే ఉన్నాయి; వాటి మీద గ్రామ సమాఖ్య, ఆపైన మండల సమాఖ్య లేచాయి. 2004 తర్వాత పావలా వడ్డీ వచ్చింది. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి 3 శాతం. మిగతా వడ్డీ ప్రభుత్వం కట్టేది.

పావలా వడ్డీకి అప్పు దొరుకుతుంటే బండి మీద వచ్చే కుర్రాడి దగ్గర ఎందుకు తీసుకున్నారు? హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లు చాలామంది ఆడవాళ్ల తెలివితక్కువతనం అనుకున్నారు. కాదు. డ్వాక్రా అప్పుకు సంఘం పొదుపు చెయ్యాలి, పుస్తకాలు సరిగా ఉండాలి, బ్యాంకు మేనేజరు తీరిక చూసుకుని సంతకం పెట్టాలి. వచ్చిన మొత్తాన్ని పదిపదిహేను మంది పంచుకోవాలి. బిడ్డకు జ్వరం వచ్చిన వారంలో అది చేతికందదు. కుర్రాడు వారం పది రోజుల్లో తెచ్చి ఇస్తాడు.

వడ్డీ కూడా వాళ్లకు తెలియనిది కాదు. ఉదాహరణకు పదివేలు తీసుకుని వారానికి 225 చొప్పున 50 వారాలు కడితే మొత్తం 11,250. కాగితం మీద పన్నెండున్నర శాతంలా కనిపిస్తుంది. కానీ అసలు వారం వారం తగ్గుతుంటుంది కాబట్టి నిజానికి పడేది 25 శాతం దాకా. ఊరి భాషలో నూటికి రెండు రూపాయల వడ్డీ. షావుకారు మూడు, ఐదు అడుగుతాడు. కాబట్టి గొంతు పట్టుకున్నది వడ్డీ అని నేననుకోను. పట్టుకున్నది వారం. కూలి దొరకని వారం, వాన పడని వారం, పెళ్లి పడిన వారం, అన్నీ కిస్తీ లెక్కలో ఒకటే. మరొకటి హామీ. తాకట్టు లేదని గొప్పగా చెప్పుకున్న ఆ పద్ధతిలో తాకట్టు పెట్టింది పక్కింటావిడతో ఉన్న మంచితనాన్ని. నూటికి తొంభై తొమ్మిది వసూలవుతోందని మైక్రోఫైనాన్స్ సంస్థలు చూపించిన లెక్క వెనక ఉన్న బలం అదే. ఒక సంస్థ కిస్తీ కట్టడానికి రెండో సంస్థలో, దాని కోసం మూడోదానిలో పాస్‌బుక్కు తెరిచిన ఇళ్లు చాలా ఉన్నాయి.

హెచ్చరిక ముందే వచ్చింది. 2006 మార్చిలో కృష్ణా జిల్లా అధికారులు రెండు పెద్ద సంస్థల శాఖలు యాభై దాకా మూసేశారు. సంస్థలు ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి, శాఖలు తెరుచుకున్నాయి, అప్పులు ఇంకా వేగంగా పెరిగాయి.

2010 ఆగస్టు 16న ఎస్.కె.ఎస్. మైక్రోఫైనాన్స్ ముంబయి స్టాక్ మార్కెట్లోకి వచ్చింది. ఒక్కో షేరు 985 రూపాయలు, సేకరించింది 1,600 కోట్లకు పైనే. కొన్ని వారాల్లో ధర 1,400 దాటింది. సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో క్లింటన్ గ్లోబల్ ఇనిషియేటివ్ వేదిక మీద యూనస్, ఆకుల ఎదురెదురుగా కూర్చున్నారు. పేదవాళ్ల మీద లాభం తీసే దారి ఇది కాదన్నాడు గురువు. మార్కెట్ డబ్బు లేకుండా కోట్లమందికి అప్పు అందదన్నాడు శిష్యుడు. అక్టోబర్ మొదటివారంలో కంపెనీ తన సీఈవో సురేశ్ గురుమానిని తొలగించింది. ఊళ్లలో ఆత్మహత్యల వార్తలు అప్పటికే పత్రికలకెక్కుతున్నాయి.

అక్టోబర్ 15, శుక్రవారం. దసరాకు రెండు రోజుల ముందు ముఖ్యమంత్రి రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. సంస్థలు జిల్లాల్లో నమోదు కావాలి. ఇళ్ల మీదికి పోకూడదు. వసూలు పంచాయతీ ఆఫీసులాంటి బహిరంగ స్థలంలోనే. వారం కిస్తీ పోయి నెల కిస్తీ వచ్చింది. వడ్డీ అసలును మించకూడదు. బెదిరిస్తే మూడేళ్ల దాకా జైలు. ప్రతి నిబంధనా ఏదో ఒక వాకిట్లో జరిగినదాన్ని చూసి రాసినట్టుంటుంది. ఒకటి మాత్రం వేరు. డ్వాక్రా సంఘం సభ్యురాలికి మైక్రోఫైనాన్స్ సంస్థ మరో అప్పివ్వాలంటే అధికారుల అనుమతి కావాలి. ఇక్కడ ప్రభుత్వం తీర్పరి మాత్రమే కాదు, అదే అరుగు మీద రెండో దుకాణం కూడా. సంస్థలు ఈ మాట అన్నప్పుడు ఎవరూ వినే స్థితిలో లేరు గానీ, అందులో నిజముంది.

వసూళ్లు ఆగిపోయాయి. కట్టొద్దని నాయకులూ చెప్పారు. తొంభై తొమ్మిది శాతం ఉన్నది పది శాతం చుట్టూ పడిపోయింది. 2011 నవంబర్‌లో ఆకుల కంపెనీ వదిలేశాడు. 985కి అమ్మిన షేరు 2012లో వంద కిందికి దిగింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో అసోసియేటెడ్ ప్రెస్ ఒక కథనం ఇచ్చింది: కంపెనీ కోసం జరిగిన విచారణల్లోనే, కొన్ని ఆత్మహత్యలకు సిబ్బందితో ముడి ఉందని తేలిందట. బాధ్యతను కంపెనీ ఒప్పుకోలేదు.

ఈ అప్పులతో మంచి జరిగిందా? ఆర్థికవేత్తలు బెనర్జీ, డఫ్లో బృందం హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకుని, సగంలో స్పందన సంస్థ శాఖలు తెరిపించి చూసింది. కొత్తగా కొన్ని చిన్న వ్యాపారాలు లేచాయి. చదువులు, ఆరోగ్యం, ఆడవాళ్ల మాటకు విలువ, వీటిలో పెద్ద మార్పు కనిపించలేదు. మరోవైపు బ్రెజా, కిన్నన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆర్డినెన్సు దెబ్బకు ఇతర రాష్ట్రాల్లోనూ అప్పు ఎండిపోయిన జిల్లాలను పరిశీలించారు. అక్కడ కూలి రేట్లు తగ్గాయి. అప్పు ఉండి అద్భుతం చెయ్యలేదు, ఊడి మాత్రం దెబ్బ కొట్టింది.

ఇక్కడ అమెరికాలోనూ చిన్న అప్పులున్నాయి. స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ డబ్బును స్వచ్ఛంద సంస్థలు 50 వేల డాలర్లకు మించకుండా అప్పుగా ఇస్తాయి. మా పక్కన ఆర్లింగ్టన్‌లో ఇథియోపియన్ సంఘం నడిపే సంస్థ ఒకటి శరణార్థులకూ వలసవచ్చినవాళ్లకూ ఇలాంటివే ఇస్తుంది. మామూలుగా వీటిలో కట్టకపోతే దెబ్బతినేది ఆ మనిషి క్రెడిట్ స్కోరు. ఇరుగుపొరుగు వాకిట్లో వచ్చి కూర్చోరు. షాంటిలీలో ఇరుగుపొరుగు పేర్లే సరిగా తెలియవు, అది వేరే సంగతి.

అక్కడ ఆంధ్రప్రదేశ్‌లో ఆర్డినెన్సు 2010 డిసెంబర్‌లోనే అసెంబ్లీలో చట్టమైంది. రిజర్వ్ బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు చెప్పింది. అంతకు ఏడాది ముందే రిజర్వ్ బ్యాంకు వడ్డీ మీద పరిమితి ఎత్తేసి కొత్త నియమాలు తెచ్చింది. ఇంటిల్లిపాది కిస్తీలన్నీ కలిపినా నెల ఆదాయంలో సగం మించకూడదు. ఆ ఆదాయం ఎంతో లెక్క కట్టేది అప్పిచ్చే కంపెనీయే.