మిద్దె, రేకు, స్లాబు: మన ఇండ్ల పైకప్పులు మారిన తీరు

ప్రతి ఏడూ ఈ పుస్తకంలో పొదుపులు, అప్పులు, వసూళ్ల లెక్కలు రాస్తాం. ఇల్లు కట్టుకోవడానికి తీసుకున్న అప్పులు వాటిలో చాలానే ఉంటాయి. గోడలకెంత, స్లాబుకెంత అని అడుగుతాం గానీ, ఎండకాలం మధ్యాహ్నం ఆ ఇంట్లో పసిపిల్లను పడుకోబెట్టగలమా అని ఏ మీటింగులోనూ అడగలేదు. నేనూ అడగలేదు. అందుకే మన కొత్తకోట దిక్కు ఇండ్ల కప్పులు ఎట్ల మారాయో పెద్దవాళ్లను అడిగి రాస్తున్నాను.

మా అమ్మమ్మ కాపురం చేసింది మట్టి మిద్దెలో. దొడ్డు గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు. ఆపైన సన్న కట్టెలు, ఆకు కమ్మలు పరిచి, జానెడు మందం మట్టి వేసి తొక్కేవారు. అన్నిటికన్నా పైన చౌడు మన్ను. చౌడు నేలలో నీళ్లు దిగవు, చేనుకు పనికిరాదు. చేనుకు పనికిరాని ఆ మన్నే ఇంటిని కాపాడేది! ప్రతి ఏడూ మృగశిర కార్తెకు ముందే గంపలతో తెచ్చి మిద్దె మీద కొత్తగా పరవాలి. వెలుతురు కోసం పైన గవాక్షి ఉండేది, వాన మొదలైతే ఎవరో ఒకరు ఎక్కి దాన్ని బండతో మూయాలి. మట్టి మందంగా ఉంటది కాబట్టి పగటి ఎండ లోపలికి దిగేసరికి పొద్దు గూకేది. అప్పుడు అందరూ మిద్దె మీదకో, వాకిట్లకో వచ్చి పడుకునేవాళ్లు.

ఈ చౌడు మోసిందెవరు? గోడలకు మెత్తినది, పేడతో అలికినది, జాజు, సున్నం పూసినది ఎవరు? ఆడవాళ్లే. మేస్త్రీ పనికి కూలి ఉంది, ఈ పనికి లేదు. అందుకే మట్టి మిద్దె మంచిదని మెచ్చుకునేవాళ్లను చూస్తే నాకు కొంచెం కోపం వస్తది. దాన్ని ఏటేటా బతికించిన నడుములు వాళ్లవి కావు కదా.

అట్లాంటి మిద్దెలు ఎందుకు పోయినయి? డబ్బు వచ్చి మాత్రమే కాదు. పాలమూరు వలస సంగతి మీకు చెప్పనక్కర లేదు. దసరా దాటినంక మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఇల్లు మూసి పోతే, మళ్లీ ఉగాదికో తొలకరికో రావడం. దేశమంతా ప్రాజెక్టులకు, కాలువలకు మన్ను మోసిన చేతులకు సొంత మిద్దె మీద నాలుగు గంపల చౌడు వేసే తీరిక దొరకలేదు. రెండేండ్లు చౌడు పడకపోతే మిద్దె ఉరుస్తది, దూలం పుచ్చుతది, మూడో వానకు కూలుతది. మగ్గాల ఇండ్లకు ఇంకో బాధ. కప్పు ఉరిస్తే గుంత మగ్గంలో నీళ్లు నిలుస్తాయి, నేత ఆగుతది, చీర మీద మరక పడితే బేరం పోతది. ఆపైన 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణ పొంగినప్పుడు అలంపూర్ దిక్కు ఎన్నో మట్టి ఇండ్లు నీళ్లలో కరిగిపోయాయి. నేతగాళ్ల ఊరు రాజోలి మునిగింది. అది చూసినవాళ్లు మట్టింటి మాట మళ్లీ ఎత్తలేదు.

రేకు వచ్చింది, తర్వాత స్లాబు వచ్చింది. 2006లో ఇందిరమ్మ ఇండ్లు మొదలైనప్పటి నుంచి స్లాబు అంటేనే గౌరవం. వాన బాధ తీరింది, కాదనను. కానీ పల్చని రేకు ఎండను అట్లనే కిందికి దింపుతది. స్లాబు పగలంతా వేడిని తాగి రాత్రంతా కక్కుతది. 2015 మే నెలలో వడగాలులకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కలిపి 2 వేల మందికి పైగా చనిపోయారు. ఎండలో పనిచేసినవాళ్లు సరే, ఇంట్లో ఉన్న ముసలివాళ్లకు కూడా రాత్రి ఒళ్లు చల్లబడకపోతే ప్రమాదమే.

దీనికి మందు పెద్దదేమీ కాదు. కప్పు తెల్లగా ఉంటే ఎండ తిరిగి పైకే పోతది. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 పేద ఇండ్ల కప్పుల మీద తెల్లని పొర పరిచి చూశారు. పక్కనున్న మామూలు ఇండ్ల కన్నా లోపల సగటున 2 డిగ్రీలు తక్కువ వచ్చింది. 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ప్రభుత్వ భవనాలకు, వ్యాపార భవనాలకు తప్పనిసరి. సొంత ఇండ్లకైతే 600 గజాల జాగా, ఆపైన ఉన్నవాళ్లకే తప్పనిసరి. అంతకన్నా చిన్నవాళ్లకు ఇష్టముంటే వేసుకోవచ్చు. మన సంఘాల్లో 600 గజాల జాగా ఎవరికుంది? ఇప్పటి ఇందిరమ్మ ఇల్లే 400 నుంచి 600 చదరపు అడుగులు. ఇల్లు ఆడమనిషి పేరు మీదనే ఇస్తున్నారు, 5 లక్షల్లో కొంత స్లాబు దశకే వస్తది. ఆ స్లాబు మీద ఏం పూయాలో చెప్పేవాళ్లే లేరు.

రెండేండ్ల కింద నేను మా స్లాబుకు సున్నం పూశాను. మొదటిసారి తొందరపడి, దుమ్ము కడగకుండా, సున్నం సరిగ్గా నాననీయకుండా పూస్తే నెల తిరగకముందే పొడి రాలింది. నిరుడు పగుళ్లు మూసి, కప్పు కడిగి ఆరబెట్టి, రాత్రంతా నానిన సున్నాన్ని బట్టతో వడగట్టి, జిగురు కలిపి రెండు పూతలు పూశాను. వానకాలం దాకా నిలిచింది. సున్నం కళ్లల్లో పడకుండా చూసుకోవాలి. సిమెంటు రేకుల ఇండ్లవాళ్లు మాత్రం పైకెక్కవద్దు, అవి కాలు కింద విరుగుతాయి. నిచ్చెన వేసుకుని పొడుగు కర్రకు కుంచె కట్టి పూయాలి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక మాట పెడుతున్నాను. ఇంటి అప్పు అడిగే ప్రతి సభ్యురాలి దరఖాస్తులో స్లాబు ఖర్చు కింద సున్నం, జిగురు, పగుళ్ల మందుకు ఒక వరుస చేర్చాలి. ఆ డబ్బు స్లాబుతో పాటే ఇవ్వాలి. పని శివరాత్రి లోపల కావాలి. ఆ తర్వాత అయితే కప్పు మీద కాలు పెట్టలేము.