చెస్టర్ గోడ మీద రెండు మైళ్ళు

రోమన్ సామ్రాజ్యం పాఠానికి మన సోషల్ మాస్టారు ఇచ్చింది రెండే పీరియడ్లు. మూడో పీరియడుకి క్లాసు మొత్తాన్నీ ఊరి శివాలయానికి నడిపించుకుపోయి, అక్కడి శాసనం మీద చాక్‌పీసు పొడి రుద్దించి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదవమన్నారు. "రాయి మీద రాత కనబడితే దాన్ని దాటి వెళ్ళకండిరా" అనేవారు. మా బ్యాచ్‌లో ఈ మాట గుర్తులేనివాళ్ళు ఉండరనుకుంటాను.

కిందటి వేసవిలో మాంచెస్టర్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి నేనూ, మా ఆవిడా వెళ్ళాం. "రోమన్ల గోడ మీద నడవచ్చు, పదండి నాన్నా" అని ఒక ఆదివారం రైలెక్కించి చెస్టర్ తీసుకెళ్ళింది. గోడ అంటే నేను ఏ మొండి గోడో అనుకున్నాను. ఊరి చుట్టూ దాదాపు పూర్తిగా తిరిగి వచ్చే గోడ అది, రెండు మైళ్ళ చుట్టు. పైన రాళ్ళు పరిచిన కాలిబాట. ఒకపక్క ఇళ్ళ పెరడులు, చర్చి తోటలు, ఇంకోపక్క కాలువ, నది.

ఆ ఊరు పుట్టిందే సైనిక స్థావరంగా. క్రీ.శ. 70ల్లో రోమన్లు డీ నది ఒడ్డున కోట వేసి దానికి 'దేవా' అని పేరు పెట్టారు. మొదట మట్టి కట్ట, దాని మీద కర్రల దడి. క్రీ.శ. 100 ప్రాంతంలో రాతి గోడ మొదలైంది. ఇరవయ్యో లీజియన్ అనే దళం అక్కడ తరాల తరబడి ఉంది. సుమారు అయిదు వేలమంది సైనికులు. అదే కాలంలో మన దగ్గర శాతవాహనులు పాలిస్తున్నారు.

తూర్పు ద్వారం దగ్గర మెట్లెక్కాం. దాని మీద రంగులేసిన ఇనుప చట్రంలో పెద్ద గడియారం ఉంది. విక్టోరియా రాణి వజ్రోత్సవం గుర్తుగా పెట్టింది. వజ్రోత్సవం 1897లో, గడియారం తిరగడం మొదలైంది 1899లో. మన సావనీర్ కమిటీ మిత్రులు దీన్ని చూసి ధైర్యం తెచ్చుకోవచ్చు.

ఒక మాట ముందే చెప్పాలి. చుట్టంతా రోమన్లది కాదు. ఉత్తరం, తూర్పు వైపులు మాత్రమే వాళ్ళు గీసిన గీత మీద ఉన్నాయి. తర్వాతివాళ్ళు ఊరిని పడమటికీ, దక్షిణానికీ పెంచుకుని గోడను నది దాకా జరిపారు. పాత ద్వారాలు బళ్ళకు ఇరుకైపోయాయని పద్దెనిమిదో శతాబ్దంలోనూ, ఆ తర్వాతా ఒక్కొక్కటే పడగొట్టి కమానులు కట్టారు. గోడకు యుద్ధాలతో పని తీరాక, 1700ల మొదట్లో పైభాగాన్ని బాగుచేసి జనం షికారుకు వదిలారు. 2008లో తూర్పు వైపు ఒక ముక్క కూలిపోతే మళ్ళీ కట్టారు. ఇంత పాత గోడకి మరమ్మతు పద్దు ఎప్పటికీ మూతపడదు. వీళ్ళు చూస్తుంటే నేను నీళ్ళు పోయే కన్నాలు ఎక్కడున్నాయా అని వెతుకుతున్నాను. వృత్తి రోగం.

ఈశాన్య మూలన బురుజు ఉంది. 1645 సెప్టెంబరు 24న మొదటి చార్లెస్ రాజు దాని మీద నిలబడి తన సైన్యం ఓడిపోవడం చూశాడని అక్కడి పలక చెబుతుంది. అది దాటాక ఉత్తరపు గోడ కింద కాలువ. పద్దెనిమిదో శతాబ్దంలో తవ్విన పడవల కాలువ అది. కిందికి దిగి కాలువ గట్టు మీద నుంచి చూస్తేనే రోమన్ల పని కనబడుతుంది. ఎర్ర ఇసుకరాయి దిమ్మలు, వరసకు వరస, మధ్యలో సున్నం లేకుండా పేర్చినవి. పైన చూరులాగా ముందుకు వచ్చిన రాతి వరస. నేను అక్కడ అరగంట నిలబడ్డాను. మా ఆవిడ బెంచీ వెతుక్కుంది.

ఆ గోడను 1880ల్లో, 90ల్లో మరమ్మతు చేస్తూ విప్పితే లోపల సమాధి రాళ్ళు బయటపడ్డాయి. ఒకటీ రెండూ కాదు, నూటికి పైగా చెక్కిన రాళ్ళు. రోమన్ల పాలన చివరి రోజుల్లో గోడ పాడైతే, ఊరి బయటి శ్మశానంలో రాళ్ళు పీకి తెచ్చి కూరేశారన్నమాట. క్వారీ దూరం, పని తొందర, రాయి దగ్గర్లో ఉంది. ఏ ఇంజనీరుకైనా అర్థమయ్యే లెక్కే.

వాయవ్య మూలన నీటి బురుజు ఇప్పుడు పొడి నేల మీద ఉంది. నది మేటవేసి దూరం జరిగిపోయింది. ఒకప్పుడు ఓడలు ఆగిన చోట ఇప్పుడు గుర్రప్పందేలు జరుగుతున్నాయి, 1539 నుంచి. ఆగ్నేయాన గోడ బయట సగం మాత్రమే తవ్విన గుండ్రటి రంగస్థలం ఉంది. అది బయటపడింది ఒక బడిలో. 1929లో నేలమాళిగ కోసం తవ్వుతుంటే గోడ తగిలింది. దాని మీదుగా కొత్త రోడ్డు వేద్దామనుకుంటే జనం అడ్డుపడి తప్పించారు. మెట్లు చూడగానే మనం ఎక్స్‌కర్షన్‌లో వెళ్ళిన అనుపు గుర్తొచ్చింది. సాగర్ నీళ్ళలో మునిగిపోకుండా నాగార్జునకొండ రంగస్థలాన్ని తెచ్చి నిలబెట్టింది అక్కడేగా.

గోడలోంచి తీసిన రాళ్ళు గ్రోవెనర్ మ్యూజియంలో ఉన్నాయి. అందులో ఒకటి ఓడ మునిగి చనిపోయిన చిన్న అధికారిది. సెంచూరియన్ పదవికి ఎంపికై ఖాళీ కోసం ఎదురుచూస్తున్నవాడట. పైభాగం విరిగిపోయి పేరు లేదు. రోమన్ సమాధుల మీద చివర్లో 'ఇక్కడ ఖననమై ఉన్నాడు' అనే మాటకు మూడు పొడి అక్షరాలు చెక్కేవారు. ఈ రాయి మీద రెండే ఉన్నాయి. 'ఇక్కడ' అనే మాట తాలూకు అక్షరం చోటు ఖాళీ. శవం దొరికితే అప్పుడు చెక్కుదామని వదిలి ఉంటారని పండితులు అంటారు. దొరకలేదు.

ఆ ఖాళీ ముందు నిలబడితే నా గుండె దడదడలాడింది. కారణం ఇది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక పల్లె రోడ్డు మీద కల్వర్టు కట్టిస్తున్నాను. మార్చి నెలాఖరు. రాయి తక్కువైంది. చెరువు గట్టు మీద పడి ఉన్న పాత బండలు తెప్పించాను. మేస్త్రీ ఒకదాన్ని తిప్పి, "దీని మీద రాతలున్నాయండి, ఏం చేయమంటారు?" అన్నాడు. తెలుగు అక్షరాలే, పాతవి. నాలుగైదు వరసలు. చాక్‌పీసు పొడి కాదు కదా, దోసెడు నీళ్ళు కూడా పోసి చూడలేదు. "రాయి గట్టిదేగా, పెట్టు. అక్షరాలు లోపలికి తిప్పు" అన్నాను. ఎవరైనా చూసి అడుగుతారని భయం. ముప్పయ్యేళ్ళు ఎవరికీ చెప్పలేదు. మన గెట్‌టుగెదర్లలో మాస్టారు ఎదురైనప్పుడల్లా కాళ్ళకు దణ్ణం పెట్టి పక్కకు తప్పుకునేవాణ్ణి.

చెస్టర్ నుంచి వచ్చాక సంక్రాంతికి వాళ్ళింటికి వెళ్ళాను. ఫోన్లో ఫొటోలు చూపించి, తర్వాత ఇదంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని చాలాసేపు మాట్లాడలేదు.

"ఏ వైపుకు పెట్టించావన్నావు?"

"లోపలికేనండి."

"అయితే ఎండా వానా తగలదు" అన్నారు. "కల్వర్టు ఎక్కడో, ఏ గోడో, కింద నుంచి ఎన్నో వరసో రాసివ్వు."

బొమ్మ గీసి, గుర్తున్న కొలతలు వేసి ఇచ్చాను.