మోకాలి వెనుక ధమని: ఆరు గంటల విలువ

చీలమండ లోపలివైపు ఎముకకు వెనుకగా రెండు వ్రేళ్ళు ఆనించి చూచినచో నాడి కొట్టుకొనుట తెలియును. పాదమునకు నెత్తురు చేరుచున్నదనుటకు అది సాక్ష్యము. గుండె నుండి ఆ నెత్తురు పాదమునకు రావలెనన్న మోకాలి వెనుకనున్న గుంటను దాటక తప్పదు. తొడలోని పెద్ద ధమని అచ్చట ‘పోప్లిటియల్ ధమని’ యను పేరు పొంది, మోకాలికి దిగువ శాఖలుగా చీలి పిక్కకును పాదమునకును పోవును. మోకాలి చుట్టును సన్నని ప్రక్కనాళములు కొన్ని గలవు. ఈ ధమనికి చేసిన చికిత్సల చరిత్ర యంతయు ఆ ప్రక్కనాళముల శక్తిని, దాని హద్దును తెలిసికొనిన కథయే.

18వ శతాబ్దపు ఇంగ్లండులో గుఱ్ఱపుబండ్లు తోలువారికి ఈ ధమని గోడ బలహీనపడి సంచివలె ఉబ్బు వ్యాధి తరచు కనిపించుచుండెను. ఉబ్బు పగిలినచో ప్రాణాపాయము. ఆనాటికి మార్గములు రెండే: తొడ వద్ద కాలు తీసివేయుట, లేదా ఉబ్బును కోసి దానికి ఎగువను దిగువను ధమనిని ముడివేయుట. ఈ రెండవది ప్రాచీన గ్రీకు వైద్యుడు ఆంటిల్లస్ నాటి పద్ధతి. గోడ చెడిన చోటనే ముడి వేయుటచే ధమని తెగి, పలువురు రక్తస్రావముతో మరణించుచుండిరి.

1785 డిసెంబరులో లండనులోని సెయింట్ జార్జి ఆసుపత్రిలో జాన్ హంటర్ అను శస్త్రవైద్యుడు వేరొక ఉపాయము నవలంబించెను. రోగి 45 ఏండ్ల బండివాడు. అతనికి ఆ ఉబ్బు మూడేండ్లుగా ఉండెను. హంటర్ ఉబ్బును ముట్టలేదు. తొడలో ధమని ఆరోగ్యముగా నున్న చోట ముడులు వేసెను. కాలు చెడలేదు. సుమారు ఆరు వారములకు రోగి ఇల్లు చేరి, తిరిగి బండి తోలెను. 1787లో అతడు జ్వరముతో మరణించిన పిదప హంటర్ ఆ కాలిని పరీక్షింపగా ఉబ్బు గట్టిపడి చిన్నదై యుండెను. తొడలోని ఆ భాగమును నేటికిని ‘హంటర్ కాలువ’ యందురు.

ప్రధానమార్గము మూసినను కాలు ఎట్లు బ్రతికినది? ఉబ్బు నెమ్మదిగా పెరుగుచుండగా ప్రక్కనాళములు వెడల్పగుటకు వ్యవధి దొరకును. పెద్దకాలువ పూడుచుండగా పిల్లకాలువలు తమంతట తాము లోతుపడినట్లే ఇది.

కాని తుపాకిగుండు మూడేండ్ల గడువు ఇయ్యదు. రెండవ ప్రపంచయుద్ధములో అమెరికా సైనికులకు తగిలిన 2,471 ధమని గాయములను డిబేకీ, సిమియోన్ అను వైద్యులు 1946లో సమీక్షించిరి. వారిలో మోకాలి వెనుక ధమని దెబ్బతిన్నవారు 502 మంది. 364 మందికి కాలు తీసివేయవలసి వచ్చెను. అనగా నూటికి 72 మందికి పైమాట. బండివాని కాలిని కాపాడిన ముడియే సైనికుని కాలిని కాపాడలేకపోయెను.

తెగిన నాళమును అతుకు విద్య అప్పటికి లేకపోలేదు. అలెక్సిస్ కారెల్ 1902లోనే కుట్టు విధానమును ప్రకటించి, 1912లో నోబెల్ బహుమానము పొందెను. 1906లో స్పెయిన్ వైద్యుడు గోయానెస్ మోకాలి వెనుక ధమని స్థానమున అదేచోటి సిరను అమర్చెను. యుద్ధభూమిలో లోపించినది కాలము. క్షతగాత్రుడు వైద్యుని చేరునప్పటికే చాల గంటలు గడచిపోవుచుండెను. 1950–53 కొరియా యుద్ధములో హెలికాప్టరు వచ్చెను, ముడికి బదులు కుట్టు వచ్చెను. ఈ ధమని గాయములలో కాలు పోవుట నూటికి సుమారు 32కు దిగెను.

నెత్తురు అందని కండరములు, నరములు ఆరు గంటలు దాటినకొలది తిరిగి కోలుకొనజాలవు. వైద్యులు ఆ గడువును లెక్కపెట్టుట అందువలననే.

ఖమ్మం, భద్రాచలం అడవుల అంచుననున్న అశ్వారావుపేట వంటి చోట్ల తుపాకిగుండ్లు లేవు. కాని తాటిచెట్టుపై నుండి పడుట, ట్రాక్టరు బోల్తాపడుట, మోటారుసైకిలు ప్రమాదము కలవు. వీనిచే మోకీలు తొలగినచో, పైనను క్రిందను బిగిసియున్న ధమని సాగి చిరుగును. ఒక్కొక్కప్పుడు లోపలి పొర మాత్రమే చిరిగి, పైకి గాయమే కనిపింపక, కొన్ని గంటలకు అచ్చట నెత్తురు గడ్డకట్టి దారి మూయును. రక్తనాళ శస్త్రవైద్యులు పెద్ద నగరములలోనే ఎక్కువ. అశ్వారావుపేట నుండి హైదరాబాదు ఇంచుమించు 300 కిలోమీటర్లు. ఆరు గంటలలో ఎక్కువభాగము దారిలోనే గడచును.

కావున మొదటి పరీక్ష ప్రమాదస్థలముననే జరుగవలెను. రెండు పాదముల నాడిని పోల్చి చూడవలెను. దెబ్బతిన్న పాదము చల్లబడినను, పాలిపోయినను, వ్రేళ్ళు కదలకున్నను అది అపాయ చిహ్నము. నాడి అందినంత మాత్రమున నిశ్చింత తగదు. ఆసుపత్రిలో చీలమండ వద్ద రక్తపీడనమును చేతి రక్తపీడనముతో భాగింపగా 0.9 కంటె తక్కువ వచ్చినచో ధమనిని శంకింతురు. కాలిని కదలకుండ బద్దలతో ఆనించవలెను. బిగుతైన నాటుకట్టు, మర్దన కూడవు. నెత్తురు కారుచున్నచో గుడ్డతో గట్టిగా అదిమి పట్టవలెను. వెంటనే 108 వాహనమును పిలిచి, దెబ్బ తగిలిన వేళను కాగితముపై వ్రాసి రోగి వెంట పంపవలెను. శస్త్రవైద్యుడు మొదట అడుగునది ఆ వేళనే.