జానపదంలో జనపదం ఎక్కడ?

నందివాడ పొలాలు చేపల చెరువులు కాకముందు వరినాట్లలో ఆడవాళ్లు పాడుకున్న పాట జానపదం. అదే మండలంలోని రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు 1949లో నటించిన ‘కీలుగుర్రం’ కూడా జానపదమే. పాటలో బురద, ఎండ, నడుంనొప్పి, అత్త మీద ఎత్తిపొడుపు. సినిమాలో ఎగిరే కొయ్యగుర్రం, రాక్షసి, రాకుమారుడు. ఈ రెంటికీ ఒకే పేరు ఎలా కుదిరింది?

మాట సంస్కృతానిది. జనం పాదం మోపి నిలిచిన నేల జనపదం. అక్కడివాడైనా, అక్కడి వస్తువైనా జానపదం. పదహారు మహాజనపదాల్లో దక్షిణాదికి దక్కింది గోదావరి తీరపు అశ్మకం ఒక్కటే. పురంలో ఉండేవాడు పౌరుడు, పల్లెసీమవాడు జానపదుడు. కావ్యాల్లో పట్టాభిషేకమైనా, వనవాసమైనా ‘పౌరజానపదులు’ జంటగానే వస్తారు. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియాలో పరిశోధించినప్పుడు పట్టుకున్నది ఈ పాత అర్థాన్నే.

మద్రాసు స్టూడియోల్లో ఈ మాటకు జత మారింది. తెలుగు చిత్రాలు అప్పట్లో నాలుగు రకాలు: పౌరాణికం, జానపదం, చారిత్రకం, సాంఘికం. జానపదానికి ఎదురుగా ఉన్నది ఇప్పుడు పౌరం కాదు, పౌరాణికం. రెండూ చెవికి దగ్గరివే గాని వేర్లు వేరు. పౌరం పురం నుంచి వచ్చింది. పౌరాణికం పురాణం నుంచి, అంటే ‘పూర్వం’ అనే అర్థమున్న ‘పురా’ నుంచి వచ్చింది. జత మారేసరికి అర్థమూ జరిగింది. పల్లెవాడిది అన్న అర్థం వెనక్కి పోయి, వ్యాసుడూ వాల్మీకీ చెప్పనిది, జనం నోట నడిచే కథలాంటిది అన్న అర్థం ముందుకొచ్చింది. పల్లె జాడే లేని రాకుమారుడి కథకు ఆ పేరు చెల్లింది అందుకే.

కథలకు కొదవ లేదు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలు అప్పటికే ఇంటింటా ఉన్నాయి. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’కి ప్రేరణ అక్కడిదే. దాన్ని రాసిన పింగళి నాగేంద్రరావు బందరు జాతీయ కళాశాలలో చదువుకున్నవాడు. నాయకుడు నిమ్మకూరు రామారావు, గొంతు చౌటపల్లి ఘంటసాలది. గుడివాడ, బందరు సీమ లేకపోతే తెలుగు జానపద చిత్రం చాలావరకు బోసిపోయేది.

ఇంగ్లీషువాళ్లు ఫాంటసీని విడదీసేటప్పుడు ముందు చోటు చూస్తారు. టోల్కీన్‌లా కొత్త లోకాన్నే కడితే హై ఫాంటసీ, మనముండే వీధిలోకి మాయ దిగితే లో ఫాంటసీ. కత్తీ మంత్రమూ కలిసిన సాహసగాథకు 1961లో ఫ్రిట్జ్ లైబర్ ‘స్వోర్డ్ అండ్ సోర్సరీ’ అని పేరు పెట్టాడు. తెలుగువాడి లెక్క వేరు. కథ ఎవరిది అని అడుగుతాడు. ‘మాయాబజార్’ (1957) నిండా మాయలే. పైగా శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు. అయినా కృష్ణుడూ ఘటోత్కచుడూ ఉన్నారు కనుక అది పౌరాణికం. విఠలాచార్య ‘బందిపోటు’ (1963) కత్తుల మీదే నడుస్తుంది. అయినా అది జానపదం. మన జానపదానికి మాయ ఒక అలంకారమే, షరతు కాదు. ఏ ఋషికీ ఏ చరిత్రకూ జవాబు చెప్పనక్కరలేని రాజ్యం ఒకటి ఉంటే చాలు.

జనం మెచ్చింది కూడా ఆ స్వేచ్ఛనే. అయోధ్యరాముడు గెలుస్తాడని అందరికీ ముందే తెలుసు. ‘పాతాళభైరవి’లోని తోటరాముడి సంగతి ఎవరికి తెలుసు? 1954లో ‘తోకచుక్క’ మొదలుకొని దాసరి సుబ్రహ్మణ్యం చందమామలో రాసిన సీరియళ్ల కోసం పిల్లలతోపాటు పెద్దలూ నెలంతా ఎదురుచూసింది ఆ తెలియనితనం కోసమే.

తరవాత యముడూ దేవకన్యా నేటి వీధుల్లోకి వచ్చారు. ‘దేవాంతకుడు’ (1960), ‘యమగోల’ (1977), ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ (1990) లాంటివాటిని పాత నాలుగు పేర్లలో దేనికీ కట్టలేక ‘సోషియో ఫాంటసీ’ అన్నారు. అందులోని సోషియో మన సాంఘికమే, ఇంగ్లీషు చొక్కా తొడుక్కుంది.

‘ఫాంటసీ’ అన్న మాటతో నాకు పేచీ లేదు. కాని అది కథలో మాయ ఉందని మాత్రమే చెబుతుంది. ‘జానపదం’ అయితే ఆ కథ ఎవరి సొత్తూ కాదనీ, ముగింపు రచయిత చేతిలోనే ఉందనీ చెబుతుంది. పాత లెక్కన చూస్తే మాహిష్మతి అనే రాజ్యాన్ని కల్పించుకున్న ‘బాహుబలి’ (2015) నిఖార్సైన జానపదం. ఇవాళ కల్పిత రాజ్యాల కథలు రాస్తున్న కుర్ర రచయితలు అట్ట మీద ‘జానపద నవల’ అని వేసుకోవడానికి మొహమాటపడక్కరలేదు. తెలుగు పాఠకుడికి ఆ మాట కొత్తగా నేర్పాల్సిన పనీ లేదు.