గుండ్లకమ్మ ఒడ్డున మొదలై...

1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ధాత కరువు అప్పుడప్పుడే వదులుతోంది. ఆ కరువులో బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టుకు తీసుకుని పేదలకు కూలి చూపించాడు. కూటి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని, కరువు సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ ఏడాది ముగిసేసరికి సంఘంలో చేరినవాళ్లు 9,606 మంది. మా నాయనమ్మ వాళ్ల అమ్మమ్మ కూడా వారిలో ఉందని మా ఇంట్లో చెప్పుకుంటారు.

ఏట్లో దిగడం ఒక పూట పని. ఆ నమ్మకాన్ని ఐదు తరాలు నిలబెట్టింది ఎవరు? దొరలు కాదు, సంఘ కాపరులు మాత్రమే కాదు. అక్షరం ముక్క రాని తల్లులని నేను గట్టిగా నమ్ముతాను.

ఒంగోలు ప్రాంతంలో ఈ విశ్వాసం పాకడానికి ఆద్యుడు తాళ్లకొండపాడు యర్రగుంట్ల పేరయ్య. తోళ్ల బేరం మీద ఊళ్లు తిరిగిన మాదిగ పెద్ద, అంతకుముందు రాజయోగం సాధన చేసినవాడు. 1866లో బాప్తిస్మం పొంది, తనవాళ్లకు తానే సువార్త చెప్పాడు. మరుసటి జనవరిలో తాళ్లకొండపాడు దగ్గర 28 మంది చేరారు. చుట్టాల నుంచి చుట్టాలకు, ఇంటి నుంచి ఇంటికి పాకిన విశ్వాసం ఇది.

చేరినవాళ్లకు క్లౌ పెట్టిన కట్టుబాట్లు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువును తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదవడానికి చిన్న మాటలే. కానీ ఆదివారం పొలానికి రామంటే ఆసామికి కోపం. జాతరలో డప్పు కొట్టబోమంటే ఊరంతటికీ కోపం. కూలి పోయేది, దారులు మూసేవాళ్లు. బిడ్డల ఆకలి కళ్లెదుట కనబడుతుంటే ఆ మాట మీద నిలబడటం ఎంత కష్టమో, వంట చేసే ఆడదానికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

మా నాయనమ్మకు చదువు రాదు. ఇరవై మూడో కీర్తన తప్పు లేకుండా చెప్పేది. తన తల్లి నోట విని నేర్చుకుందట. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో పోసేది. అది దేవుడి పాలు, ఆదివారం గుడికి వెళ్లాలి. ఇంట్లో గింజలు తక్కువైన రోజున కూడా ఆ గుప్పెడు తగ్గేది కాదు. రాత్రి అన్నాలయ్యాక మా నాయన బైబిలు తెరిచేవాడు. చదవలేని ఆవిడే, ఆయన ఏదైనా మాట దాటేస్తే పట్టుకునేది. నాకు ప్రార్థన చేయమని ఆవిడ ఏనాడూ చెప్పలేదు. తను మోకరించినప్పుడు పక్కన కాస్త చోటు వదిలేది, అంతే.

ఈ వారసత్వం సముద్రం కూడా దాటింది. 1903లో తెలుగు బాప్తిస్టులు జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నేటాలుకు మిషనరీగా పంపారు. ఆయన వెళ్లేసరికే కూలి ఒప్పందం మీద పోయిన మనవాళ్లు అక్కడి ఎస్టేటుల్లో కూడుకుని ఆరాధన చేసుకుంటున్నారు. కాపరి లేకుండానే ఆ దీపాన్ని కాపాడుకున్నారు. దేశం కాని దేశంలో అది ఆరకుండా ఉండటానికి ఇంటి ప్రార్థనే కారణమని నా నమ్మకం.

మిషను పుస్తకాల్లో క్లౌ పేరుంది, పేరయ్య పేరుంది. వాళ్లు ఆ గౌరవానికి తగినవాళ్లే. ఆ 9,606 మందిలో మన అవ్వల పేర్లు మాత్రం మనమే రాయాలి. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇంకా ఉంటే ఈ వారమే కూర్చోబెట్టి అడగండి: మొదట నమ్మింది ఎవరు, ఏ ఊళ్లో, ఎవరు కాదన్నారు, ఏం పోగొట్టుకున్నారు. విన్నది విన్నట్టు మీ కుటుంబ బైబిలు చివరి పేజీల్లో రాసిపెట్టండి.